ఓడ అంచున తెల్ల బూట్లు

"నా మొగుడు బూట్లు ఏస్కోలేదు సార్."

ఈ మాట బసమ్మ చెన్నై పోలీసులకు చెప్పింది. ఎమ్మిగనూరు స్టేషన్లో చెప్పింది. శవాన్ని తెచ్చిన అంబులెన్సు డ్రైవరుకు కూడా చెప్పింది. విన్నవాళ్లంతా పాపం అన్నట్టు తలూపారు. ఒక్కడూ పట్టించుకోలేదు. చివరికి ఆదోని వచ్చి నా బల్ల ముందు కూర్చుని అదే మాట నాకూ చెప్పింది.

నా పేరు షాహీన్. ఆదోనిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఆడది డిటెక్టివ్ ఏమిటని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. నవ్వుకోనీ. బసమ్మ మాట విన్నాక మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. కట్టుకున్న మనిషి ఏం వేసుకుంటాడో, ఏం వేసుకోడో భార్యకు తెలియదా? అడ్డమైనవాడి మాటా సాక్ష్యమవుతుంది, ఆమె మాట ఏడుపు కింద జమ!

సంగతి ఇది. బసమ్మ భర్త గిడ్డయ్యకు ఎమ్మిగనూరులో విత్తనాల దుకాణం ఉంది. ఈ ఏడు ఒక కంపెనీ కొత్త రకం పత్తి విత్తనం దించింది. బాగా అమ్మిపెట్టిన డీలర్లందరినీ దసరాకు ముందు చెన్నైలో పెద్ద ఓడ ఎక్కించి విహారానికి తీసుకుపోయింది. ఆ ప్రయాణంలో ఒక రోజంతా ఓడ ఏ రేవులోనూ ఆగదు. ఆ సాయంత్రమే గిడ్డయ్య కనిపించకుండా పోయాడు. ఓడ వెనకవైపు రెయిలింగ్ పక్కన, కంపెనీ పంచిన తెల్ల బూట్ల జత ఒకటి పొందిగ్గా పెట్టి ఉంది. రెండు రోజుల తర్వాత జాలర్లకు శవం దొరికింది. బూట్లు విప్పి దూకాడన్నారు. కేసు అయిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. గిడ్డయ్య నకిలీ విత్తనాలు తెచ్చి తమ సంచుల్లో కలిపి అమ్మాడని, రైతులకు మొహం చూపలేక దూకాడని కంపెనీ చెప్పడం మొదలుపెట్టింది. చేలల్లో పత్తి మనిషెత్తు పెరిగి ఒక్క కాయ పట్టలేదు. కడుపు మండిన రైతులు ఎవరి మీద పడతారు? బసమ్మ ఇంటి కిటికీల మీద రాళ్లు పడ్డాయి.

"సచ్చినోడు ఎట్లా రాడు. ఆయన పేరన్నా నాకు తిరిగి తెచ్చియ్యి షాహీనమ్మా. నా మొగుడు దొంగ గాడు" అంది బసమ్మ.

ఈ రోజు మధ్యాహ్నం కంపెనీ మేనేజరు ఉమేష్ ఆమె ఇంటికి వస్తున్నాడు, విలేకర్లను వెంటేసుకుని. తన భర్త తనంతట తానే దూకాడని ఆమె సంతకం చేయాలట. సంతకం పడిందంటే గిడ్డయ్య ఇక ఎప్పటికీ దొంగే.

అందుకే పొద్దున్నే ఖాదర్ వలి దుకాణం మెట్లెక్కాను. ఖాదర్ వలి ఆదోనిలో పాత విత్తనాల డీలరు. ఓడలో గిడ్డయ్యా అతనూ ఒకే గదిలో ఉన్నారు. నన్ను చూడగానే కుర్చీ లాగి వేశాడు కానీ కళ్లు కలపలేదు.

"టీ చెప్తా ఆపా."

"టీ వద్దు. ఓడ యాడా ఆగని రోజుంది చూడు, ఆ రోజు మీరంతా పొద్దున్నుంచి ఏం చేశారో చెప్పు. ఒక్కటీ వదలకు."

"ఏం చెప్పేది? తినేదే పని." అతని మొహంలో కాస్త వెలుగొచ్చింది. "నాలుగు పక్కలా నీళ్లే ఆపా. ఫోనుకు సిగ్నలు లేదు. మొదట భయమైంది, తర్వాత హాయనిపించింది. అంగడి తెరిచేది లేదు, రైతుకు జవాబు చెప్పేది లేదు. లేస్తానే టిఫిన్ల హాలు. ఇడ్లీ, దోశ, బ్రెడ్డు, పేరు తెలీని పండ్లు. ప్లేటు పట్టుకోని ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ అడగరు. తిని పైకి పోతే ఈతకొలను. పిల్లోళ్లు జారుడుబండ మీద నుంచి నీళ్లలో పడతాండారు. కొందరు పొడుగు కుర్చీల మీద టవలు పరుచుకోని ఎండకు పడుకున్నారు. మనకు ఎండ లేదనా? ఆదోనోడు సముద్రం మీదికి పోయి ఎండకు పడుకున్నాడంటే నవ్వరా?"

"నువ్వు పడుకోలేదా?"

"కొంచేపు పడుకున్నాలే" అని సిగ్గుపడ్డాడు. "తర్వాత హౌసీ ఆట. ఒక పిల్ల మైకులో నంబర్లు చదువుతాంటే మనోళ్లు గొంతు చించుకోని అరిచినారు. ఆడోళ్లకు మెహందీ. ఆ పక్కన డాన్సు నేర్పిస్తాండారు. కంపెనీ టీషర్టులు, తెల్ల బూట్లు ఏసుకోని బొజ్జలోళ్లంతా ఎగిరినారు. ఉమేష్ సారు మాత్రం ఎగర్లేదు. మడమ నొప్పంట, కాళ్లకు మాలీసు చేయించుకునేదానికి పోయినాడు. మధ్యాన్నం బిర్యానీ. తిని గదుల్లో పడి గుర్రు పెట్టినాము. సాయంత్రం టీ, పకోడీ. పొద్దు మునిగేటప్పుడు అందరూ రెయిలింగు కాడ ఫోటోలు దిగినాము. ఆ మీదట లోపల మ్యాజిక్ షో."

నేను వింటూనే ఉన్నాను. నాకు కాయ పట్టని చేలు కళ్ల ముందు ఆడుతున్నాయి. ఎవరి ఉసురుతో ఈ బిర్యానీలు? అడగాల్సింది అది కాదు కాబట్టి నోరు అదుపులో పెట్టుకున్నాను.

"గిడ్డయ్య ఎక్కడున్నాడు?"

ఖాదర్ వలి నవ్వు ఆగిపోయింది.

"కొలను పక్కన ఒక మూల కూర్చున్నాడు. ఉత్త కాళ్లతో. ఆడ అందరూ ఉత్త కాళ్లే గదా, ఎవరికీ తేడా తెలీలేదు. అన్నాల హాల్లోకి మాత్రం రానీలేదు. ముందురోజు పోతే వాకిట్లోనే ఆపి బూట్లు ఏసుకోని రమ్మన్నారు. ఈయన ఒక దండం పెట్టి వెనక్కొచ్చేసినాడు. ఇంటి నుంచి బట్టల మధ్యలో దాచి తెచ్చుకున్న జొన్న రొట్టె, శెనక్కాయ పొడి తిన్నాడు. గదిలో పరుపు మీద గూడా పడుకోలేదు ఆపా, కింద దుప్పటి ఏసుకున్నాడు. ఏంది సామీ ఇది, ఓడలో ఎవరు చూస్తారు అంటే, కంకణం కట్టినాక ఊరైనా ఒకటే ఓడైనా ఒకటే అన్నాడు."

గిడ్డయ్యది దేవరగట్టు కింది ఊరు. దసరా రాత్రి గట్టు మల్లయ్య ఉత్సవంలో జరిగే కర్రల సమరానికి ముందు ఆ ఊళ్లలో కంకణం కట్టుకున్నవాళ్లు ఉత్సవం ముగిసేవరకు చెప్పులు తొడగరు, మాంసం, మందు ముట్టరు, మంచమెక్కరు. సమరం నాటికి తిరిగొచ్చేస్తానని బసమ్మకు చెప్పి వెళ్లాడు. శవం మీద కూడా ఆ కంకణం అలాగే ఉంది.

"అంత నిష్ఠ ఉన్నవాడు ఓడ ఎందుకెక్కాడు?"

"ఆ రోజు కోసమే ఎక్కినాడు." గొంతు తగ్గించాడు. "ఉమేష్ సారు ఫోను ఎత్తడు, ఆఫీసుకు పోతే ఉండడు. సముద్రం మీద యాడికి పారిపోతాడు ఖాదరూ, ఆ రోజు నిలదీస్తా అన్నాడు. కాయ పట్టని పత్తి కొమ్మ ఒకటి ఎండబెట్టి పెట్టెలో తెచ్చుకున్నాడు. షో అయినాక స్టేజీ మీద మాకు బహుమానాలు ఇస్తారు. అప్పుడు మైకు పట్టుకోని ఈ విత్తనం నకిలీ, వచ్చే ఏడు ఎవరూ అమ్మొద్దండని చెప్తా అన్నాడు. ఆ కొమ్మ చేతిలో పట్టుకోని సారును వెతుక్కుంటా పోయినాడు. అంతే. మళ్లీ చూళ్లేదు."

"ఉమేష్ షోలో ఉన్నాడా?"

"లేటుగా వచ్చినాడు. గదిలో ఇస్తారు చూడు, తెల్లగుడ్డ స్లిప్పర్లు, అవి ఏసుకోని వచ్చినాడు. ఏంది సార్ అంటే మడమ నొప్పి అన్నాడు. గిడ్డయ్య బార్లో తాగి పడున్నాడని గూడా అన్నాడు. తౌబా! కంకణం కట్టినోడు తాగుతాడా?"

"మరి ఇదంతా పోలీసులకెందుకు చెప్పలేదు?"

అతను పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్లీ తీశాడు. "నువ్వు నోరు తెరిస్తే కోర్టుల చుట్టూ తిరగాల, నేను చూసుకుంటా అన్నాడు సారు. వాళ్ల సరుకు లేకపోతే నా అంగడి నడవదు ఆపా."

"సిగ్గు లేదా నీకు? నీ పక్కన నేల మీద పడుకున్న మనిషి! వాడి పెళ్లాం మీద రాళ్లేస్తున్నారు, నువ్విక్కడ అంగడి గురించి ఏడుస్తున్నావు!"

గట్టిగానే అరిచినట్టున్నాను, పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు.  ఖాదర్ వలి లేచి షట్టరు దించి తాళం వేశాడు. "పద ఆపా. ఆ తల్లి ముందర చెప్తా" అన్నాడు.

ఎమ్మిగనూరులో బసమ్మ ఇంటికి వెళ్లేసరికి నాకంటే ముందే ఒకాయన నడింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నరసన్న! రిటైర్డు సీఐ. కర్నూలులో డిటెక్టివ్ ఆఫీసు పెట్టి పెద్ద పెద్ద కంపెనీల పనులే చూస్తాడు. ఈ కేసులో కంపెనీ రిపోర్టు రాసింది ఈయనే.

"ఏం షాహీనమ్మా, పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు తగ్గిపోయినాయా? ఇట్లొచ్చినావే" అన్నాడు.

"మీకు ఓడలో హత్యలు దొరుకుతుంటే నాకు పెళ్లిళ్లెందుకు సార్?"

"హత్యా?" పగలబడి నవ్వాడు. "నీళ్లలో దూకేటోడు చెప్పులు గట్టున విడిచి దూకుతాడు. ముప్పై ఏండ్ల సర్వీసులో ఎన్ని బావులు సూసినా, ఎన్ని కాలవలు సూసినా! అదే తీరు ఇది గూడా."

"ఆయన బూట్లు ఏస్కోలేదు సార్" అంది బసమ్మ గుమ్మం దగ్గర నిలబడి.

"అబ్బా! మళ్లా అదే మాట. ఓడలో ఉత్తకాళ్లతో తిరగనిస్తారా తల్లీ? కంకణం, నిష్ఠ అన్నీ ఊర్లో ఉన్నంతసేపే. ఓడెక్కినాక ఎవడికి కనపడతాది?"

"గట్టు మల్లయ్యకు కనపడదా?" అని ఖాదర్ వలి ఒక్కసారిగా అందుకున్నాడు. నరసన్న అతని వైపు విసుగ్గా చూశాడు. ఆ విసుగును లెక్కచేయకుండా ఖాదర్ వలి నాకు చెప్పిందంతా బసమ్మ ముందు చెప్పాడు. హాల్లోకి రానివ్వకపోవడం, రొట్టె, నేల మీద పడక. బసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వింది.

"స్నేహితుడు చెప్పేది సాక్ష్యం గాదు. నోటి మాటకు రుజువేది?" అన్నాడు నరసన్న.

"రుజువు కావాలా? ఆ పెట్టె ఎవరైనా తెరిచారా?"

గోడ వారగా గిడ్డయ్య సూట్‌కేసు ఉంది. ఓడవాళ్లే గదిలోని సామాన్లు సర్ది, ప్లాస్టిక్ సీలు బిగించి పంపారు. సీలు అలాగే ఉంది. దాని పక్కన పాలిథిన్ కవరులో రెయిలింగ్ దగ్గర దొరికిన తెల్ల బూట్లు. పోలీసులు ఫోటోలు తీసుకుని వాటినీ ఇంటికే ఇచ్చేశారు. అంత బాగా జరిగింది దర్యాప్తు!

"నాకు చేతులు రాలేదమ్మా తెరిసేదానికి" అంది బసమ్మ.

"నేను సూడాల్సింది ఏమీ లేదు. రిపోర్టు రాసేసినా" అన్నాడు నరసన్న.

"పెట్టె కూడా తెరవకుండానే రాశారా? ముప్పై ఏళ్ల సర్వీసు సార్ మీది! కంపెనీవాడు చెప్పింది రాసుకుని వచ్చేదానికి సీఐ ఎందుకు, గుమాస్తా చాలడా?"

ఆయన ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి నా ఎదుట నిలబడ్డాడు. "మాటలు తిన్నగా రానీ. నా సర్వీసులో ఒక్క రూపాయి ముట్టలేదు నేను. ఎవడి కోసమూ అబద్ధం రాయలేదు."

"అయితే ఇప్పుడు మీ చేత్తోనే తెరవండి."

వెనక్కి తగ్గితే నామోషీ. ఆయనే చాకు తెప్పించి సీలు కోశాడు. పైన పంచెలు, చొక్కాలు. మధ్యలో గుడ్డమూట, దాన్లో గట్టిపడిన సగం జొన్న రొట్టె. అది చూడగానే బసమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. మడత విప్పని కంపెనీ టీషర్టు, దాని మీదే టోపీ. మూలల్లో ఎండిన పత్తాకుల పొడి. అన్నిటికీ అడుగున ఒక అట్టపెట్టె ఉంది.

నరసన్న మూత తీశాడు. తెల్ల బూట్లు. పల్చటి కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. లోపల కుక్కిన కాగితం ఉండలు కూడా తీయలేదు. లేసులైనా ఎక్కించలేదు. అడుగున మట్టి మరక లేదు. సైజు ఏడు.



"రెండు జతలు ఇచ్చినారేమో" అన్నాడు నరసన్న. ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు.

"లేదు సార్. ముందే సైజు అడుక్కోని తెప్పించినారు. మనిషికి ఒక్క జత. ఉమేష్ సారుతో సహా" అన్నాడు ఖాదర్ వలి.

నేను పాలిథిన్ కవరు విప్పి ఆ రెండో జతను అట్టపెట్టె పక్కన నేల మీద పెట్టాను. కొలవాల్సిన అవసరమే రాలేదు. గిడ్డయ్య బూట్ల పక్కన అవి పెద్ద పడవల్లా ఉన్నాయి. సైజు పది.

ఒక మనిషి చనిపోతే, వాడి బూట్లని చెప్పి ఇంటికి పంపారు. వాడి కాలికి సరిపోతాయో లేదో చూసిన నాథుడు లేడు! చెన్నైలో లేడు, ఎమ్మిగనూరులో లేడు, రిపోర్టు రాసిన ఈ పెద్దమనిషీ చూడలేదు. ఆమె మొత్తుకుంటూనే ఉంది కదరా! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపంలోనే కుడి బూటులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఎడమ దానిలో పెట్టాను. మడమ దగ్గర మెత్తగా ఏదో తగిలింది. పట్టి లాగాను.

నీలం రంగు రబ్బరు మెత్త. మడమ నొప్పి ఉన్నవాళ్లు బూటు లోపల పెట్టుకునేది. ఎడమ కాలికి మాత్రమే.

ఖాదర్ వలి నోరు తెరిచి నావైపు చూశాడు. "ఆపా, ఆ రాత్రి ఆయన స్లిప్పర్లు..."

"గట్టిగా అనకు" అన్నాను.

నరసన్న ఆ మెత్తను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేలమందిని విచారించిన కళ్లు కదా, ఎవరిదని నన్ను అడగలేదు. ఖాదర్ వలిని అడిగాడు. "మీ గుంపులో మడమ నొప్పి ఎవరికి?"

ఖాదర్ వలి జవాబు చెప్పేలోపు బయట కారు ఆగింది. దాని వెనకే ఇంకొకటి. తలుపులు వేసిన చప్పుడు, మాటలు. కిటికీలోంచి చూస్తే ముందు ఉమేష్, వెనక కెమెరాలతో ఇద్దరు విలేకర్లు. పొడగరి మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలదండ. వాకిలి దాకా మామూలుగా నడిచాడు, మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఎడమ కాలు కాస్త జాగ్రత్తగా వేశాడు.

"ఏం చేద్దాం?" అన్నాడు నరసన్న నాతో, గుసగుసగా. ఆ మనిషి నన్ను సలహా అడగడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఏమీ చేయొద్దు. చావు ఇల్లు. బూట్లు వాకిట్లో విడిచే వస్తాడు."

విడిచాడు. నల్ల తోలు బూట్లు. గడప దాటి మేజోళ్లతో లోపలికి వచ్చాడు. "నమస్తే అమ్మా. చాలా బాధగా ఉంది. గిడ్డయ్యగారు మా కుటుంబంలో మనిషి" అన్నాడు, కెమెరాల వైపు సగం తిరిగి. గోడ మీది ఫోటోకు దండ వేశాడు. కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. ఎంత చక్కగా జోడించాడో!

తర్వాత జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. "ఇక్కడ ఒక్క సంతకం చేస్తే మీకూ మనశ్శాంతి, మాకూ మనశ్శాంతి. నరసన్నగారు, మీరు చెప్పే ఉంటారుగా?"

 ఉమేష్‌ను దాటుకుని నరసన్న వాకిట్లోకి పోయాడు. వంగి ఆ నల్ల బూట్లలో ఎడమదాన్ని తీసుకున్నాడు. లోపల చెయ్యి పెట్టాడు. బయటికి తీసినప్పుడు ఆయన వేళ్ల మధ్య ఇంకొక నీలం మెత్త ఉంది. అదే రంగు, అదే ఆకారం. రెండిటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆ బూటు అడుగు తిప్పి చూశాడు. పది.

"నన్నే ఎర్రోణ్ని జేస్తివా?" అన్నాడు. అరవలేదు. మామూలుగా అన్నాడు. లోపలికొచ్చి తలుపు మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఉమేష్‌కు ఇంకా అర్థం కాలేదు. "ఏమైంది సార్?" అంటూ నవ్వబోయాడు. అప్పటిదాకా కెమెరాల మీదే ఉన్న కళ్లు కిందికి దిగాయి. నేల మీద అట్టపెట్టె, కాగితంలో చుట్టిన చిన్న బూట్లు, వాటి పక్కన తన పెద్ద తెల్ల బూట్లు. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. 

నేను నోరు తెరిచాను. చెప్పాల్సింది చాలా ఉంది. మైకు పట్టుకోబోయిన మనిషి గురించి, కాయ పట్టని కొమ్మ గురించి, ఆ మనిషిని నీళ్లలోకి తోసి, దూకాడని నమ్మించడానికి తన బూట్లే అక్కడ విడిచి, స్లిప్పర్లతో షోకు లేటుగా వచ్చినవాడి గురించి. కానీ బసమ్మ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

ఆమె కళ్లు తుడుచుకుంది. వంగి ఆ పది నంబరు బూట్లు రెండూ చేతుల్లోకి తీసుకుంది. కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. ఉమేష్ ఎదురుగా నిలబడి, పోలీసులకు చెప్పినప్పటి గొంతుతోనే చెప్పింది.

"నా మొగుడు బూట్లు ఏస్కోలేదు సార్. ఇవి నీవే గదా, ఏస్కో. వీళ్లంతా సూస్తారు."